ఏడుపాగని కోడలు, ఏడుపు రాని అత్తగారు

ఈమధ్య ఒక ఆదివారం సాయంత్రం, కళ్ళ పరీక్షల కోర్సు చదువుతున్న అమ్మాయిలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. నేను కంటి ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యానని చర్చిలో ఎవరో చెప్పారట. "ఆంటీ, పొడికళ్ళ కేసుల్లో పేషెంటు చెప్పేది ఒకటి, పరీక్షలో కనిపించేది ఇంకొకటి అవుతోంది. రెంటిలో దేన్ని నమ్మాలి?" అని అడిగారు. రెండు ముక్కల్లో చెప్పగలిగిన జవాబే. కానీ రిటైరైన మనిషి ఇంటికి వచ్చి, టీ తాగి, జంతికలు తిని, రెండు ముక్కల జవాబు పట్టుకుని వెళ్ళిపోదామనుకోవడం అన్యాయం కదా. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక అత్తాకోడళ్ళ కథ మొదటి నుంచీ చెప్పాను. చెబుతూ చెబుతూ నేనే నవ్వాపుకోలేకపోయాను. మీలో ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఆసుపత్రి సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గర్లో ఉండేది. రైలు దిగినవాళ్ళు దిగినట్టే మూటాముల్లెతో మా వరండాలోకి వచ్చేసేవారు. నా పని చీకటి గదిలో. అద్దాల నంబరు చూడటం, కంటి ప్రెషర్ చూడటం, డాక్టరు ముందుకు వెళ్ళేలోపు జరగాల్సిన చిన్నాచితకా పరీక్షలన్నీ నావే. బయట బెంచీల దగ్గర సిస్టర్ ఉండేది. వచ్చినవాళ్ళను ఏమవుతోందో, ఎప్పటి నుంచి అవుతోందో అడిగి రాసుకోవడం ఆమె పని. మౌలాలి రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేది. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ, మనసు ఆ రెంటికన్నా పెద్దది. నాది గుంటూరు వైపు. చేరిన కొత్తలో ఆమె మాట నాకు సగమే అర్థమయ్యేది. నా మాట ఆమెకు రాగం తీసినట్టు వినిపించేదట. "అక్కా, నువ్వు కోపం చేస్తున్నవా, పాట పాడుతున్నవా? ఏదన్న ఒకటి చెయ్యి" అనేది.

మా డాక్టర్ మేడమ్‌కు ఒక నియమం ఉండేది. సిస్టర్ అడిగి తెలుసుకున్నది నాకు చెప్పకూడదు. నేను పరీక్షలో చూసింది సిస్టర్‌కు చెప్పకూడదు. రెండూ విడివిడిగా మేడమ్ బల్ల మీదికి వెళ్ళాలి. అక్కడ ఆవిడ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూసేవారు. "ఒకరి మాట ఒకరి చెవిన పడిందంటే ఇద్దరికీ ఒకటే కనపడుతుంది. అప్పుడు నాకు ఇద్దరు మనుషులెందుకు, ఒకరు చాలు" అనేవారు. మేం బుద్ధిగా తలలూపేవాళ్ళం. పొద్దున చాయ్ టైముకి మెట్ల కింద కూర్చుని అన్నీ చెప్పేసుకునేవాళ్ళం. ఒక్క సమోసా సగం సగం తుంచుకుని తినేవాళ్ళం, పేషెంట్లను మాత్రం ఎవరికి వాళ్ళం ఎలా దాచుకుంటాం?

ఇంకో నియమం కూడా తప్పేవాళ్ళం. కన్ను పొడిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక సన్నని కాగితపు ముక్క ఉంటుంది. కొన వంచి కింది రెప్పలో తగిలిస్తే, ఊరే కన్నీళ్ళను బట్టి అది తడుస్తూ కిందికి దిగుతుంది. దానికి ఎవరో విదేశీ డాక్టరు పేరుంది గానీ మాకు మాత్రం అది 'చీటీ'. కొందరికి ఆ చీటీ తగిలితేనే కంట్లో నీళ్ళు తిరుగుతాయి. అందుకని మిగతా పరీక్షలన్నీ అయ్యాక చివర్లో పెట్టమని మేడమ్ చెప్పారు. జనం ఎక్కువైనప్పుడు మేం దాన్నే ముందు పెట్టేసేవాళ్ళం. బెంచీ మీద వరసగా కూర్చోబెట్టి అందరికీ చీటీలు తగిలిస్తే, అవి తడిసేలోపు ఇంకో ఇద్దరికి నంబరు చూసుకోవచ్చు కదా. అప్పుడే లోపలికి అడుగుపెట్టినవాళ్ళు, కళ్ళలోంచి కాగితాలు వేలాడుతూ కదలకుండా కూర్చున్న ఆ వరసను చూసి గుమ్మంలోనే ఆగిపోయేవారు.

అలాంటి రద్దీలోనే ఆ అత్తాకోడళ్ళు వచ్చారు. పెళ్ళిళ్ళ సీజను, మండే ఎండలు. అత్తగారు యాభై దాటిన మనిషి. గంజి పెట్టిన నేత చీర, చేతిలో మంచినీళ్ళ సీసా, బుగ్గన పటికబెల్లం ముక్క. వెనకాల కోడలు. పాతికేళ్ళు కూడా ఉండవు. చేతిలో జేబురుమాలు ముద్దయిపోయి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నీళ్ళు బుగ్గల మీదుగా కారుతున్నాయి. పెదవుల మీద మాత్రం నవ్వు. ఆ నవ్వుకూ ఆ నీళ్ళకూ సంబంధమే లేదు.

వచ్చీ రాగానే అత్తగారు నా గది తలుపు పట్టుకుని నిలబడ్డారు. "అమ్మా, ఇది నా కోడలండీ. పొద్దస్తమానం దీని కళ్ళెంబడి నీళ్ళే. ఇది ఏడవట్లేదని మీ ఆసుపత్రి కాయితం మీద రాసిచ్చెయ్యండి. నేను పెద్ద పెద్ద అక్షరాలతో అచ్చేయించి షాపులో గోడకి కట్టుకుంటాను" అన్నారు.

అచ్చేయించగలరు కూడా. వాళ్ళది శుభలేఖల ప్రెస్సు. తెనాలి వైపు నుంచి భర్తతో పాటు వచ్చి సికింద్రాబాద్ బజారు సందులో ఆ ప్రెస్సు పెట్టారు. ఇల్లు బోయిగూడలో. భర్త పోయాక ఆవిడే కొడుకుతో కలిసి నడుపుతున్నారు. అచ్చు పెట్టెలు పోయి కంప్యూటర్లు వస్తున్న రోజులవి. కొడుక్కి సంబంధాలు చూస్తున్నప్పుడు సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ మిలిటరీ ఆయన కూతురు, కంప్యూటర్ మీద తెలుగు కొడుతుందని విని ఈవిడ ఎగిరి గంతేశారట. "పెళ్ళిచూపుల్లో పాట పాడమనలేదండీ నేను. పెళ్ళికూతురు తండ్రి పేరు, తాతగారి పేరు, ముహూర్తం ఇచ్చి టైపు కొట్టి చూపించమన్నాను. ఒక్క తప్పు లేదు" అని మాకు గర్వంగా చెప్పారు.

ఇప్పుడు ఆ కోడలే సమస్య అయి కూర్చుంది. శుభలేఖల కోసం వచ్చినవాళ్ళకు గుమ్మంలో మొదట కనిపించేది కంప్యూటర్ ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్న కొత్త కోడలు. పెళ్ళికొడుకు మేనత్త ఒకావిడ "శుభమా అని వస్తే ఇదేంటి" అని గొణిగి, ఎంచుకున్న కార్డు అక్కడే పడేసి, అందర్నీ తీసుకుని ఎదురు సందులోని షాపుకు వెళ్ళిపోయిందట. ఇక బోయిగూడ సంగతి చెప్పనక్కర్లేదు. గోడకూ గోడకూ మధ్య సందు లేని ఇళ్ళు. కోడలు బట్టలారేస్తూ కళ్ళు తుడుచుకుంటే సాయంత్రానికి వీధి చివర దాకా తెలిసిపోయేది.

సిస్టర్ బయట తన ప్రశ్నలు అడిగి, మంట, ఇసుక పడ్డట్టు ఉందని రాసుకుంది, నేను లోపల నా చీటీ పెట్టాను. తగిలించిన చీటీ తగిలించినట్టే పైనుంచి కిందికి తడిసిపోయింది. కన్ను పొడి కాదని రాసుకున్నాను. కన్నీళ్ళు ముక్కులోకి దిగే దారి మూసుకుపోయిందేమో, అందుకే బయటికి కారుతున్నాయేమోనని సన్నని సూదితో నీళ్ళు పంపి చూశాం. దారి శుభ్రంగా ఉంది. మేడమ్ ఆ వారం పల్లెల్లో క్యాంపుకు వెళ్ళారు. తిరిగొచ్చాక చూస్తారు, వచ్చే వారం రమ్మని చెప్పి పంపించాం.

చాయ్ దగ్గర సిస్టర్ సమోసా ముట్టుకోలేదు. అంటే విషయం పెద్దదన్నమాట.

"అక్కా, ఆ పిల్లకు ఇంట్ల మంచిగ లేదే" అంది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవలు చెప్పుడేంది? ఇంట్ల ఎట్లున్నది బిడ్డా అని అడిగిన. మంచిగుంది సిస్టర్ అన్నది. అంటుంటెనే బొట బొటా నీళ్ళు. నోరేమో మంచిగుంది అంటది, కండ్లేమో వేరే చెప్తున్నయి. గా బెంచీ మీద కూసున్నామె సుత బోయిగూడనే. నా చెవుల చెప్పింది. ఈ అత్త మొగడు సచ్చిన నాడు సుత ఒక్క చుక్క ఏడ్వలేదంట. రాయి అంట రాయి!"

"మరి మంట, ఇసుక పడ్డట్టు ఉండటం..."

"రోజూ ఏడిస్తె కండ్లు మండయా? నువ్వే చెప్పు. కన్ను పొడి లేదంటివి. దారి మంచిగున్నదంటివి. ఇంక నీళ్ళెందుకొస్తయి? ఏడిస్తెనే వస్తయి."

ఆ వాదనలో నాకూ ఎక్కడా తప్పు కనిపించలేదు. ఆమె విన్నదీ నేను చూసిందీ చక్కగా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. సరిగ్గా ఈ ప్రమాదం గురించే మేడమ్ అన్నేళ్ళ నుంచీ చెబుతున్నారని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. పుట్టింటి ఫోన్ నంబరు మాటల్లో పెట్టి ముందే అడిగి ఉంచుకుందట సిస్టర్. చాయ్ గ్లాసు కింద పెట్టి నేరుగా ఆఫీసు ఫోను దగ్గరికి వెళ్ళింది. సైనిక్‌పురికి ఫోన్ చేసి, "మీ బిడ్డ జర పరేషాన్‌ల ఉన్నది, మీరొకసారి వచ్చి అర్సుకోండ్రి" అని చెప్పి వచ్చింది. వచ్చే వారం వాళ్ళు మళ్ళీ వస్తారని కూడా చెప్పింది. మంచి పని చేశాననే తృప్తితో అప్పుడు సమోసా తింది.

తర్వాతి వారం అత్తాకోడళ్ళు వచ్చి బెంచీ మీద కూర్చున్న కాసేపటికే గేటులో ఒక పాత జీపు ఆగింది. తెల్ల మీసం, ఇస్త్రీ మడత నలగని చొక్కా, బూట్ల చప్పుడు. ఎవరని అడగక్కర్లేకుండానే కోడలి తండ్రి అని తెలిసిపోయింది. ఆయన నడిచిన తీరుకు వరండాలో చీటీలు పెట్టుకున్నవాళ్ళు కూడా సర్దుకుని నిటారుగా కూర్చున్నారు.

"నడువ్ బిడ్డా, ఇంటికి పోదాం. సామాను తర్వాత తెప్పిస్త" అన్నారు.

అమ్మాయి తెల్లబోయింది. "ఏమైంది డాడీ? నేను బాగానే ఉన్నాను కదా!"

"బాగుంటే గిట్ల ఎందుకేడుస్తున్నవ్? దవాఖాన నుంచి ఫోన్ చేసిన్రు. నా బిడ్డ ఏడుస్తున్నదని బోయిగూడకంత ఎరుకనట, కన్నతండ్రికి ఎరుక లేదు. నాకు శరం అనిపించింది."

"అన్నయ్యగారూ, ముందు కూర్చోండి, మంచినీళ్ళు తాగండి" అని అత్తగారు లేచారు.

ఆయన ఆవిడ వైపు చూడలేదు. అందరికీ వినపడేలా, "చూడుండ్రి. నా బిడ్డ గిట్ల ఏడుస్తుంటే ఆమె కంట్ల ఒక్క చుక్క సుత లేదు" అన్నారు.

హాలంతా ఆవిడ కళ్ళలోకి చూసింది. నిజంగానే లేదు. ముఖం మాత్రం మాడిపోయింది. సీసా మూత తిప్పి, తాగకుండానే మళ్ళీ బిగించారు. "తీసుకెళ్తానంటే నేనెవర్నండీ ఆపడానికి? మీ పిల్ల. కానీ నా ఇంట్లో ఏడ్చిందని మాత్రం అనకండి. దాని చేత నేనొక్కనాడు కంటతడి పెట్టించలేదు" అన్నారు. కోడలు లేచి అత్తగారి చెయ్యి పట్టుకుంది. "నేను రాను డాడీ. నాకేం బాధ లేదు. బాధంతా నా కళ్ళకే" అంది, బుగ్గల మీద నీళ్ళు ధారగా కారుతుండగా. అలా కారుతుంటే ఆ మాట ఎవరు నమ్ముతారు? ఆయన ఇంకా మండిపడ్డారు. బిడ్డను భయపెట్టి పెట్టారనుకున్నారు.

నా పక్కన సిస్టర్ గోడకు ఆనుకుని నిలబడింది. అంత పెద్ద మనిషీ చిన్నదైపోయింది. "అక్కా, జీపు తెస్తడనుకోలే" అని గుసగుసలాడింది. మా చాయ్ కబుర్లు ఒక కాపురం గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాయి.

అప్పుడు మేడమ్ గదిలోంచి బయటికి వచ్చారు. ఆవిడ గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఆరోజు కూడా పెంచలేదు. "ఈ అమ్మాయి నా గదిలోంచి బయటికి వచ్చేదాకా నా పేషెంటండీ. తర్వాత మీరూ మీరూ చూసుకోండి. మీరు కూడా లోపలికి రండి, మీ కళ్ళతో మీరే చూద్దురుగాని" అన్నారు. ఆయనకు ఆర్డరు వినడం అలవాటే కదా, టోపీ లేకపోయినా టోపీ తీసినట్టు తల వంచి లోపలికి నడిచారు.

మేడమ్ మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఒకదాంట్లో మంట, ఇసుక, సాయంత్రానికి చూపు తెరలు తెరలు. ఇంకొకదాంట్లో చీటీ పూర్తి తడి. "చీటీ ఎప్పుడు పెట్టావు?" అని నన్నడిగారు. "ముందే మేడమ్" అన్నాను. నా వైపు ఒకసారి చూసి, "ఇవాళ చివర్లో పెడదాం" అని మాత్రం అన్నారు.

అమ్మాయి కంట్లో పసుపు రంగు మందు తాకించి, భూతద్దాల యంత్రం ముందు గడ్డం ఆనించమని, నీలం దీపం వేశారు. ఆ యంత్రానికి పక్కన, నేర్చుకునేవాళ్ళు చూడటానికి ఇంకో గొట్టం ఉండేది. తండ్రిని అక్కడ కూర్చోబెట్టారు. "కంటి మీద పచ్చగా మెరుస్తోంది చూడండి, అది కన్నీటి పొర. ఇప్పుడు రెప్ప వేయించి ఆపేస్తాను. ఆ పొర ఎంతసేపు నిలుస్తుందో మీరే చెప్పండి" అన్నారు.

"అరే!" అన్నారాయన వెంటనే. "చినిగిపోయింది. నల్ల నల్లగ మచ్చలొచ్చినయ్."

"మంచి కన్నయితే మీరు తీరిగ్గా చూస్తూ కూర్చోవచ్చు. ఈ అమ్మాయికి రెప్ప తీసీ తీయకముందే చిరుగుతోంది. ఆ చిరిగినచోటే మంట. ఇప్పుడు ఇంకాసేపు చూడండి."

చూస్తుండగానే కింది రెప్ప అంచున నీళ్ళు పొంగి బుగ్గ మీదికి జారాయి. అమ్మాయి అప్పుడు ఏ దుఃఖంలోనూ లేదు. గడ్డం ఆనించిన చోటు చక్కిలిగింతలు పెడుతోందని నవ్వుతోంది. మేడమ్ రెప్ప అంచును మెల్లగా నొక్కి చూపించారు. నూనె రావలసిన సన్నని రంధ్రాల్లో చలికాలం నెయ్యిలా ఏదో పేరుకుపోయి ఉంది. "కన్నీళ్ళంటే వట్టి నీళ్ళు కాదు, పైన పలచగా నూనె ఉండాలి. ఆ నూనె లేక నీళ్ళు వెంటనే ఆరిపోతున్నాయి. ఆరగానే కన్ను కంగారుపడి ఇంకా నీళ్ళు తెచ్చి పోస్తోంది. అవి నిలవవు, కారిపోతాయి. మొన్న చీటీని తడిపినవీ ఆ నీళ్ళే. మీ అమ్మాయివి పొడికళ్ళేనండీ. పొడి కాబట్టే కారుతున్నాయి" అన్నారు.

తర్వాత పని గురించి అడిగారు. ఒత్తులు, గుణింతాలు తప్పు పోకూడదని రెప్ప వేయకుండా స్క్రీన్ వైపే చూస్తానంది అమ్మాయి. ఒక్క అక్షరం పోతే పెళ్ళివాళ్ళు ఊరుకోరట. ఏసీ ఎక్కడుందని అడిగితే, నెత్తి మీదే ఉందని చెప్పింది. మెషిన్ వేడెక్కకూడదని అత్తయ్య పెట్టించారట.

తండ్రి గొట్టం దగ్గర నుంచి లేవలేదు. మిలిటరీ మనిషి, ఒక్క సాక్ష్యంతో ఒప్పుకునే రకం కాదు. "మంచి కన్ను ఎట్లుంటదో సుత చూపెట్టండి డాక్టర్ సాబ్. అప్పుడు నాకు నమ్మకం కుదురుతది" అన్నారు.

మేడమ్ తలుపు దగ్గర నిలబడ్డ అత్తగారిని చూశారు. "మీకేమైనా కళ్ళ బాధ ఉందా అమ్మా?"

"నాకేం రోగం? నావి గుండ్రాళ్ళండీ. పుట్టి బుద్ధెరిగాక కళ్ళాసుపత్రి మొహం చూడలేదు."

"అయితే రండి, కూర్చోండి."

ఆవిడ గడ్డం ఆనించారు. మేడమ్ ఆ పసుపు మందే తాకించి నీలం దీపం వేశారు. తండ్రి గొట్టంలోకి వంగారు. నేను చీటీ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను. మేడమ్ తల పక్కకు జరిపి నన్ను చూడమన్నారు. కంటి మీద పొర చిరగడం మాట అటుంచండి, అసలు పొరే సరిగా లేదు. నల్లగుడ్డు నిండా పచ్చని చుక్కలు, ఎవరో పిండి జల్లినట్టు. ఏ బాధా లేదన్న మనిషి కళ్ళు, కోడలి కళ్ళకన్నా ఎన్నో రెట్లు పాడైపోయి ఉన్నాయి. చీటీ పెట్టమన్నారు. పెట్టాను. ఎంతసేపు ఆగినా వంచిన కొన దాటి తడి కిందికి దిగలేదు.

"నోరు కూడా ఎండిపోతుంటుందా?" అని అడిగారు మేడమ్.

"అందుకేగా ఈ సీసా, ఈ పటికబెల్లం. నీళ్ళు లేకుండా ముద్ద దిగదు. మా ప్రెస్సులో వేడి అనుకున్నాను."

"మీరు చివరిసారి ఎప్పుడు ఏడ్చారు?"

ఆవిడ ఒళ్ళోని సీసాను అటూ ఇటూ తిప్పారు. కోడలు దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "మా ఆయన పోయినప్పుడు రాలేదమ్మా" అన్నారు చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "గుండె పగిలిపోతోంది. కన్ను తడవదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. రాయి అన్నారు. వినీ వినీ నేనూ అదే అనుకున్నాను. అంత మంచి మనిషి పోతే ఏడుపు రాలేదంటే నాది రాతి గుండే అయ్యుంటుంది కదా అని."

మేడమ్ దీపం ఆర్పేశారు. "గుండె సంగతి చెప్పడానికి నేను గుండె డాక్టర్ని కాదమ్మా. కళ్ళ సంగతి చెప్తాను. ఈ కళ్ళలో ఏడవడానికి నీళ్ళు లేవు. చాలా ఏళ్ళ నుంచీ లేవు. బాధ చెప్పుకునే శక్తి కూడా వాటికి పోయింది, అందుకే మీకు తెలియలేదు. ఇది జబ్బు. మీ తప్పేం లేదు" అన్నారు.

మొదట గొల్లుమన్నది మా సిస్టరే. వరండా దాకా వినిపించింది. కోడలికి ఎలాగూ కారుతున్నాయి, ఇప్పుడు నిజం ఏడుపు కూడా వాటిలో కలిసింది. తండ్రి మీసం తుడుచుకునే నెపంతో కళ్ళు తుడుచుకున్నారు. నా సంగతి అడగొద్దు, చీటీ డబ్బా ఎక్కడ పెట్టానో కనపడలేదు. ఆ గదిలో కళ్ళు పొడిగా ఉన్నది ఆవిడ ఒక్కరికే. మా అందరినీ ఒకసారి కలయజూసి, ఆవిడ ఫక్కున నవ్వేశారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఏళ్ళ తరబడి మోసిన బరువును ఎవరో చేతుల్లోంచి తీసుకుంటే వచ్చే నవ్వది.

"వదినగారూ, నన్ను జర మాఫ్ చెయ్యండ్రి" అన్నారు తండ్రి, అటెన్షన్‌లో నిలబడి.

"మాఫ్ సంగతి తర్వాత అన్నయ్యగారూ. జీపు ఎలాగూ తెచ్చారు, మమ్మల్ని షాపు దగ్గర దింపండి. సాయంత్రానికి రెండు పెళ్ళిళ్ళ కార్డులు ఇవ్వాలి. మీ అమ్మాయి కొడితేనే అవుతాయి."

అలా ఆ పిల్ల జీపు ఎక్కింది గానీ, వెళ్ళింది మాత్రం ప్రెస్సుకే. వేడినీళ్ళలో పిండిన గుడ్డతో రోజూ రెప్పలకు కాపడం, ప్రతి వరస కొట్టాక ఒకసారి రెప్ప వేయడం, ఏసీ గాలి గోడ వైపు తిప్పించడం. ఇదీ కోడలికి చెప్పిన వైద్యం. అత్తగారికి రక్తపరీక్షలు చేయించి, ఒళ్ళంతా చూసే డాక్టరు దగ్గరికి పంపి, కళ్ళలో గంట గంటకూ వేసుకోవడానికి చుక్కలమందు ఇచ్చారు. మేడమ్ మా ఇద్దరినీ ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచీ సిస్టర్‌కు చాయ్ ఒక వేళకు, నాకు ఇంకో వేళకు పంపించే ఏర్పాటు చేశారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. సమోసా మొత్తం ఒక్కదాన్నే తినాల్సి వచ్చేది.

అందుకని పిల్లలూ, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. బాధ చెప్పే మనిషిని నమ్మండి, కంట్లో కనిపించేదాన్నీ నమ్మండి. రెండూ కుదరనప్పుడు ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని మాత్రం అనుకోకండి. ఇంకా చూడాల్సిందేదో మిగిలి ఉందన్నమాట. ఇప్పుడు మీకు కన్నీటి పొరను ఫోటోలు తీసే యంత్రాలు వచ్చాయట, సంతోషం. ఆ యంత్రాల పక్కన కూర్చుని చాయ్ తాగేటప్పుడు కొంచెం జాగ్రత్త.

వానలు మొదలయ్యాక అత్తాకోడళ్ళు మళ్ళీ వచ్చారు. కోడలి కళ్ళు కడిగిన అద్దాల్లా ఉన్నాయి, జేబురుమాలు మడత విప్పలేదు. అత్తగారు బెంచీ మీద కూర్చుని, తల వెనక్కి వంచి, ఒక్కో కంట్లో ధారాళంగా మందు పోసుకుంటున్నారు. కంట్లో పట్టిందానికన్నా బుగ్గల మీద కారిందే ఎక్కువ. సిస్టర్ పరిగెత్తుకుంటూ వెళ్ళింది.

"గిట్ల పోసుకుంటె ఎట్లనమ్మా, ఒక్క చుక్క చాలు!"

"మీకు తెలియదు సిస్టర్" అని కోడలు నవ్వుతూ అందుకుంది. "మా వీధిలో ఇప్పుడు అంతా తిరగబడింది. నేనొచ్చాక అత్తయ్యకు ఏడుపే మిగిలిందట. నేను పెట్టే బాధలు పడలేక చాటుగా కళ్ళు తుడుచుకుంటున్నారట. ఎవరో మా డాడీకి ఫోన్ కూడా చేశారు. ఆయన మొన్న మళ్ళీ జీపేసుకుని వచ్చారు, వదినగారిని కొన్నాళ్ళు సైనిక్‌పురి తీసుకుపోతానని."

సిస్టర్ మొహం మాడింది. "ఈసారి నేను చెయ్యలేదక్కా, ఏసు మీద ఒట్టు!" అంది నాతో. తర్వాత అత్తగారి వైపు తిరిగి, "అయ్యో, అది మందు అని చెప్పొచ్చు కదమ్మా వాళ్ళకి?" అంది.

అత్తగారు బుగ్గలు తుడుచుకోలేదు. "ఎందుకు చెప్తానమ్మా? మొన్న పక్కింటావిడ గోడ మీంచి నా చెయ్యి పట్టుకుని 'పాపం' అంది. మా ఆయన పోయిన రోజున కూడా నన్ను చూసి ఆ మాట ఎవరూ అనలేదు. ఇంకొన్నాళ్ళు ఏడవనివ్వండి."